గేటు దగ్గర నిలబడే సేవ: ఐక్యరాజ్య సమితి శాంతి సేనపై నా రివ్యూ

2025 జనవరి ఆఖరి వారంలో మా పెద్దన్నయ్య కూతురు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. కాంగోలో గోమా పట్నం ఎం23 తిరుగుబాటుదారుల చేతిలోకి వెళ్ళిపోయిందన్న వార్త అది. "అత్తా, అక్కడ ఐక్యరాజ్య సమితి సైనికులు వేలమంది ఉన్నారట కదా. వాళ్ళుండగా ఊరెలా పోయింది? నువ్వూ ఆ నీలి టోపీ పెట్టుకున్నదానివే. నిజం చెప్పు, వాళ్ళ వల్ల ఉపయోగం ఉందా?" అంది.

అది సీఆర్పీఎఫ్ పరీక్షకు చదువుతోంది. రోజూ తెల్లవారకముందే గ్రౌండ్‌కి వెళ్ళి పరిగెత్తి వస్తుంది. రేపు ఉద్యోగం వచ్చి, విదేశీ డ్యూటీకి పేరు పడితే వెళ్ళాలా వద్దా అన్నది దాని అసలు ప్రశ్న. ఆ రోజు "ఉంది" అని ఒక్క ముక్క చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ జవాబు నాకే చాలలేదు. అప్పటినుంచి చదువుతున్నాను, పాత డైరీలు తిరగేస్తున్నాను, నాతో పనిచేసినవాళ్ళకు ఫోన్లు చేస్తున్నాను. ఇదివరకు ఒడిశాలోని మా బరంపురంలో మగ్గం సామాన్లు బాగుచేసే షాపుల గురించి, విశాఖ వెళ్ళే బస్సుల గురించి రాశాను. శాంతి సేన కూడా జనానికి అందే ఒక సేవే. ఎవరికి అందుతోంది, ఎంత ఖర్చవుతోంది, తేడా వస్తే ఎవరిని అడగాలి అన్నవి దీనికీ వర్తిస్తాయి. అందుకే దీన్నీ అలాగే రాస్తున్నాను.

మాది దేవాంగుల ఇల్లు. నాన్న పట్టు చీరలు నేసేవారు. ఫోడా కుంభ అంచు తీయడంలో మా వీధిలో ఆయనకు పేరుండేది. మాకు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నాకు ఉద్యోగం వచ్చాక హిందీ కూడా తోడైంది. సీఆర్పీఎఫ్ మహిళా బెటాలియన్‌లో కానిస్టేబుల్‌గా చేరాను. 2012 నుంచి 2013 వరకు ఒక ఏడాది లైబీరియా రాజధాని మన్రోవియాలో శాంతి సేన పోలీసు యూనిట్‌లో పనిచేశాను. అందరూ మహిళలే ఉండే పోలీసు యూనిట్‌ను శాంతి సేనకు పంపిన మొదటి దేశం మనదే. మొదటి బ్యాచ్ 2007 జనవరిలో వెళ్ళింది, ఆఖరి బ్యాచ్ 2016లో తిరిగొచ్చింది. ఒక్కో బ్యాచ్‌లో వందమందికి పైగా ఆడవాళ్ళం.

కాబట్టి చదివేవాళ్ళు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. నేను ఈ సేవ అందించిన మనిషిని, అందుకున్న మనిషిని కాదు. హోటల్లో వండినవాళ్ళే ఆ హోటల్ గురించి రాస్తే ఎంత నమ్మాలో అంతే నమ్మండి. నా మాటల కన్నా, ఆ గేటుకు అవతల వైపున్న వాళ్ళ మాటలకు ఎక్కువ చోటివ్వాలని ప్రయత్నించాను.

ముందు ఈ సేవ ఎలా నడుస్తుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఐక్యరాజ్య సమితికి సొంత సైన్యం ఉందనుకుంటారు. లేదు. న్యూయార్క్‌లో భద్రతా మండలి తీర్మానం చేస్తుంది. సైనికులను, పోలీసులను దేశాలు అప్పుగా పంపుతాయి. మొదటి బృందం 1948లో పశ్చిమాసియాకు వెళ్ళింది. ఇప్పటికి 70కి పైగా మిషన్లు నడిచాయి. మన దేశం నుంచి రెండు లక్షల మందికి పైగా వెళ్ళారు, వారిలో 180 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏ దేశానికి వెళ్తున్నారో ఆ దేశం ఒప్పుకోవాలి. ఏ పక్షానికీ కొమ్ము కాయకూడదు. తుపాకీ తమను కాపాడుకోవడానికి, అప్పగించిన పని కోసం తప్ప వాడకూడదు. భద్రతా మండలిలో అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఏ ఒక్కటి కాదన్నా సేన కదలదు. ఉక్రెయిన్‌కి ఎందుకు వెళ్ళలేదు, గాజాకి ఎందుకు వెళ్ళలేదు అని మా మేనకోడలు అడిగింది. ఆ ఐదుగురిలో ఎవరికైనా సొంత లెక్క ఉన్నచోట ఈ సేవ దొరకదు. మూడు వంతుల ప్రపంచానికి తెరిచి, నాలుగో వంతుకు మూసి ఉండే దుకాణం ఇది. ఇది చిన్న లోపం కాదు.

ఇక నేను చూసిన చోటు.

లైబీరియాలో 1989 నుంచి 2003 వరకు మధ్యలో కొంచెం విరామంతో రెండు అంతర్యుద్ధాలు నడిచాయి. సుమారు రెండున్నర లక్షల మంది చనిపోయారు. చిన్నపిల్లల చేతికి తుపాకులిచ్చి యుద్ధం చేయించారు. 2003 ఆగస్టులో అధ్యక్షుడు చార్లెస్ టేలర్ దేశం విడిచి వెళ్ళాడు, ఘనాలో ఒప్పందం కుదిరింది, అక్టోబరులో శాంతి సేన దిగింది. ఎక్కువలో ఎక్కువగా 15 వేలమంది సైనికులు. అంత చిన్న దేశానికి అది పెద్ద బలగం. ఆయుధాలు అప్పగించే కార్యక్రమంలో లక్షమందికి పైగా పేరు రాయించుకున్నారు, తుపాకులు మాత్రం 28 వేలే వచ్చాయి. మిగతావి ఏమయ్యాయో అని మాకు ట్రైనింగ్‌లోనే భయం పట్టుకుంది.

నేను వెళ్ళేసరికి యుద్ధం ఆగి తొమ్మిదేళ్ళు. అయినా ఊరు చీకటి. జలవిద్యుత్ కేంద్రం యుద్ధంలో పాడైపోయి ఇంకా బాగుపడలేదు. జనరేటర్ ఉన్న ఇళ్ళలో దీపం, మిగతా వీధంతా నల్లగా. మే నెలలో మొదలైన వాన అక్టోబరు దాకా వదల్లేదు. మన గంజాంలో తుఫాను వాన రెండు రోజులు కురిసి పోతుంది. అక్కడ నెలల తరబడి అదే వాన. బట్టలకు బూజు పట్టేది. మన దేశంలో తయారైన మూడు చక్రాల ఆటోలే అక్కడా తిరిగేవి, వాటిని కేకే అంటారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇల్లు గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

మా డ్యూటీల్లో ఒకటి అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ కార్యాలయం దగ్గర కాపలా. ఇంకొకటి రాత్రి గస్తీ. అక్కడి మామూలు పోలీసుల దగ్గర తుపాకులుండవు, లాఠీ మాత్రమే. వాళ్ళు ముందు, మేము వెనక ఆయుధాలతో నడిచేవాళ్ళం. ఎవరినైనా పట్టుకునే అధికారం వాళ్ళది, వాళ్ళ మీదికి ఎవరైనా వస్తే అడ్డం నిలబడే పని మాది. మొదట్లో నాకిది నచ్చలేదు. మనమే పట్టుకోవచ్చు కదా అనుకునేదాన్ని. మూడు నెలలు గడిచాక అర్థమైంది. మేము వెళ్ళిపోయాక కూడా ఆ వీధి ఆ పోలీసులదే. జనం వాళ్ళ మొహం గుర్తుపట్టాలి, మా మొహం కాదు.

బండి దిగి నడవడం గురించి కొంచెం చెప్పాలి. తెల్లటి బండిలో కూర్చుని గస్తీ తిరగడం ఒక రకం, దిగి నడవడం ఇంకో రకం. బండిలో తిరిగిన రాత్రి జనం కిటికీలోంచి చూసేవాళ్ళు. నడిచిన రాత్రి తలుపు తీసేవాళ్ళు. లైబీరియాలో చేయి కలిపి విడిచేటప్పుడు ఇద్దరి మధ్యవేళ్ళూ తగిలి చిటిక మోగాలి. అది రాకపోతే నవ్వుతారు. నాకు రావడానికి పది రోజులు పట్టింది. ఆ చిటిక వచ్చాక ఆడవాళ్ళు నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఏ సందులో ఏ ఇంట్లో రాత్రి కేకలు వినిపిస్తాయో, ఏ మలుపు దగ్గర అమ్మాయిలు నడవడానికి భయపడతారో వాళ్ళే చెప్పారు. అలాంటి సంగతులు ఏ మగ యూనిట్‌కీ అంత తొందరగా చెప్పి ఉండరని నా నమ్మకం. మేముండిన ఆ ఏళ్ళలో లైబీరియా పోలీసు, ఇతర భద్రతా విభాగాల్లో కలిపి ఆడవాళ్ళ వాటా ఆరు శాతం నుంచి 17 శాతానికి పెరిగింది. అదంతా మా వల్లే అనను. కానీ గేటు దగ్గర యూనిఫాంలో ఆడమనిషిని రోజూ చూసిన పిల్ల, పోలీసు దరఖాస్తు నింపేటప్పుడు కాస్త ధైర్యంగా నింపి ఉంటుంది.

సింకోర్‌లో సముద్రం పక్కన చేపల బజారు ఉంది. అక్కడ ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడ దగ్గర మేము ఆగేవాళ్ళం. మా బరంపురం చేపల బజారులో మాదిరే ఆవిడ కూడా తూకం వేస్తూ మాట్లాడేది. 2003లో లైమా బోవీ నాయకత్వంలో తెల్లబట్టలు కట్టుకుని ఎండలో వానలో ఆ బజారు పక్క మైదానంలో కూర్చున్న ఆడవాళ్ళలో ఆవిడ ఒకరు. హిందువులం, ముస్లింలం అని మనం అనుకున్నట్టే అక్కడ క్రైస్తవులు, ముస్లింలు. ఆ ఆడవాళ్ళు రెండు మతాల వాళ్ళూ కలిసి కూర్చున్నారు. వాళ్ళలో కొందరు ఘనా దాకా వెళ్ళి, చర్చలు జరిగే హాలు గుమ్మానికి అడ్డంగా కూర్చుని, ఒప్పందం కుదిరేదాకా లోపలివాళ్ళను బయటికి రానివ్వం అన్నారు. బోవీకి, సర్లీఫ్‌కి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఒకరోజు ఆవిడను అడిగాను, అమ్మా మేము ఇక్కడ ఉండటం వల్ల మీకు ఏమైనా మేలు జరిగిందా అని. ఆవిడ చేప తిరగేస్తూ, "యుద్ధం ఆపింది మేము. మీరు వచ్చాక అది తిరిగి రాలేదు" అంది. నా డైరీలో ఆ తేదీ పక్కన ఈ రెండు వాక్యాలే రాసుకున్నాను. నేను ఇప్పటివరకు చదివిన వాటన్నిటిలో ఈ సేవకు ఇదే సరైన రివ్యూ.

అంకెలతో చూసిన పరిశోధకులు కూడా దాదాపు ఇదే చెబుతున్నారు. అంతర్యుద్ధం ఆగిన దేశాల్లో శాంతి సేన వెళ్ళినచోట యుద్ధం మళ్ళీ రాజుకోవడం తక్కువ. సైనికుల సంఖ్య పెరిగేకొద్దీ సామాన్యుల చావులు తగ్గాయి. వీటి గురించి వార్త రాదు. జరగని యుద్ధానికి ఫోటో ఉండదు కదా. సేన పర్యవేక్షణలో నమీబియా 1990లో స్వతంత్ర దేశమైంది, సియెర్రా లియోన్‌లో మిషన్ 2005లో ముగిసింది, లైబీరియాలో 2018 మార్చి 30న మూతపడింది. సేన వెళ్ళిపోయిన ఐదేళ్ళకు, 2023లో, లైబీరియా అధ్యక్షుడు జార్జ్ వియా కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయి, ఫోన్ చేసి గెలిచినవాడికి అభినందనలు చెప్పాడు. ఆ వార్త చదివిన రోజు మా యూనిట్ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా ఎవరూ నిద్రపోలేదు.

ఇంతవరకే రాసి ఆపితే అబద్ధం చెప్పినట్టే.

1994 ఏప్రిల్‌లో రువాండా రాజధాని కిగాలిలో జరిగింది ఈ శాఖలో పనిచేసే ప్రతి ఒక్కరూ చదవాలి. ఆ ఊళ్ళో ఈటీఓ అనే టెక్నికల్ స్కూలు ఉంది. అందులో బెల్జియం సైనికులు కొద్దిమంది ఉన్నారు. వాళ్ళున్నారన్న ధైర్యంతో సుమారు 2,000 మంది, ఎక్కువగా అప్పుడు ఊచకోతకు గురవుతున్న టుట్సీ తెగవాళ్ళు, పిల్లాపాపలతో లోపలికి వచ్చి తలదాచుకున్నారు. చుట్టూ కత్తులతో గుంపులు కాచుకుని ఉన్నాయి. ఏప్రిల్ 11న సైనికులకు వెళ్ళిపొమ్మని ఆదేశం వచ్చింది. వాళ్ళు బండ్లెక్కి వెళ్ళిపోయారు. లోపలున్నవాళ్ళలో ఎక్కువమందిని ఆ రోజే చంపేశారు.

అదే ఊళ్ళో, అదే రోజుల్లో అమహోరో స్టేడియం ఉంది. పక్కనే సేన ముఖ్య కార్యాలయం. అక్కడ 12 వేలమంది దాకా చేరారు. నీళ్ళు లేవు, తిండి లేదు, జబ్బులు, పైనుంచి గుండ్లు పడ్డాయి, కొందరు చనిపోయారు. కానీ అక్కడ నీలి టోపీలు వెళ్ళిపోలేదు. ఎక్కువమంది బతికారు.

రెండు గేట్లు. ఒకటి వదిలేశారు, ఒకటి వదల్లేదు. మిగతా వాదనలన్నీ నాకు దీని తర్వాతే.

జనరల్ రోమియో డలైర్ ఆ సేనకు అధిపతి. ఆయుధాలు దాచిన చోటు తెలిసిందని, దాడి చేసి పట్టుకుంటామని ఆయన జనవరి 11నే న్యూయార్క్‌కి రాశారు. వద్దన్నారు. ఏప్రిల్ 7న పదిమంది బెల్జియం సైనికులను చంపేశాక ఆ దేశం తన బలగాన్ని వెనక్కి పిలిచింది. ఏప్రిల్ 21న, ఊచకోత జరుగుతుండగానే, భద్రతా మండలి సేనను 270 మందికి తగ్గించమంది. డలైర్ అంతకన్నా కొంచెం ఎక్కువమందిని, ముఖ్యంగా ఘనా సైనికులను, అట్టే పెట్టుకుని ఉండిపోయారు. సెనెగల్‌కు చెందిన కెప్టెన్ ఎంబాయ్ డియాన్ అనే ఆయన దగ్గర తుపాకీ కూడా లేదు. రోజూ జీపులో కొద్దికొద్దిమందిని ఎక్కించుకుని, దారిలో అడ్డగించినవాళ్ళకు సిగరెట్లిచ్చి, నవ్వించి, వందల మందిని దాటించారు. మే 31న మోర్టార్ ముక్క తగిలి చనిపోయారు. వందరోజుల్లో సుమారు ఎనిమిది లక్షల మందిని చంపారు ఆ దేశంలో. తుపాకీ లేని ఒక మనిషి జీపులో అంతమందిని దాటించగలిగితే, పూర్తి బలగం నిలబడి ఉంటే ఎంతమంది బతికేవాళ్ళో అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

మరుసటి ఏడాది, 1995 జులైలో, బోస్నియాలో స్రెబ్రెనిట్సా. "సురక్షిత ప్రాంతం" అని ఐక్యరాజ్య సమితే ప్రకటించిన ఊరు. కాపలాకు కొన్ని వందలమంది డచ్ సైనికులు. సెర్బు బలగాలు వచ్చాయి, ఊరు పోయింది, 8,000 మంది మగవాళ్ళను, అబ్బాయిలను చంపేశారు. జనానికి సురక్షితమని చెప్పి రప్పించి, కాపాడే బలగం ఇవ్వకపోవడం ఏమీ చెప్పకపోవడం కన్నా ఘోరం.

ఆ తర్వాత కొంత మారింది. 2013 డిసెంబరులో దక్షిణ సూడాన్‌లో గొడవలు మొదలైనప్పుడు శాంతి సేన తన స్థావరాల గేట్లు తెరిచింది. వేలమంది పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చారు, తర్వాత ఆ సంఖ్య లక్షలకు చేరింది. ఆ నెలలోనే అకోబోలో ఒక చిన్న స్థావరం మీద రెండు వేలమంది దాడి చేస్తే, లోపల తలదాచుకున్నవాళ్ళతో పాటు మన సైనికులు ఇద్దరు చనిపోయారు. కిగాలి స్కూలు గేటు దగ్గర నేర్చుకున్న పాఠం వల్లే ఆ గేట్లు తెరుచుకున్నాయని నేను అనుకుంటాను.

ఇక కాంగో, మా మేనకోడలు అడిగిన చోటు. మన దేశానికి కాంగో కొత్త కాదు. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా చనిపోయి పరమవీర చక్ర పొందింది ఐక్యరాజ్య సమితి డ్యూటీలోనే. ఇప్పటి మిషన్ 1999లో మొదలైంది. 2012 నవంబరులో ఎం23 ఒకసారి గోమాను పట్టుకుంది. సేన అక్కడే ఉండి ఆపలేకపోయింది. మరుసటి ఏడాది దాడి చేసే అధికారమిచ్చి దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావి సైనికులతో ప్రత్యేక బ్రిగేడ్ పెట్టారు, ఆ ఏడాది చివరికల్లా ఎం23 ఓడిపోయింది. కొన్నేళ్ళకు మళ్ళీ లేచింది. వెనక రువాండా అండ ఉందని ఐక్యరాజ్య సమితి నిపుణుల నివేదికలే రాశాయి. పక్క దేశం ఎగదోస్తున్న యుద్ధాన్ని గేటు దగ్గర సంత్రీ ఆపలేడు. అది ఢిల్లీలో, వాషింగ్టన్‌లో, పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఆపాల్సింది.

కానీ జనానికి ఈ వివరం చెబితే వాళ్ళ ఇల్లు తిరిగి రాదు. ఇన్నేళ్ళుగా తెల్లబండ్లు తిరుగుతున్నాయి, మేము మాత్రం ఇంకా చాపలు చుట్టుకుని పరిగెత్తుతూనే ఉన్నాం అని అక్కడివాళ్ళకు కోపం. 2022 జులైలో ఆ కోపం స్థావరాల మీదికి వచ్చింది. బుటెంబోలో మన బీఎస్ఎఫ్ జవాన్లు ఇద్దరు చనిపోయారు. మల్కనగిరి, కోరాపుట్ వైపు వాళ్ళకు బీఎస్ఎఫ్ అంటే రోజూ రోడ్డు మీద కనిపించే మనుషులు. ఆ వార్త వచ్చినప్పుడు జయపురంలో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. వాళ్ళు కాపాడటానికి వెళ్ళినవాళ్ళ చేతుల్లోనే పోయారు అంటే ఆ సేవలో ఎక్కడో పెద్ద పగులు ఉన్నట్టే. ఆ జనాన్ని నేను తిట్టను. నా జవాన్లనూ తప్పుపట్టను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. ఏ షాపులోనైనా సరుకు పాడైతే తిరిగి తీసుకెళ్ళే చోటు ఉంటుంది. శాంతి సేనకు ఆ కౌంటర్ లేదు. 2010 అక్టోబరులో హైతీలో నేపాల్ సైనికుల శిబిరం నుంచి మురుగు నదిలో కలిసి కలరా వచ్చింది. సుమారు పదివేలమంది చనిపోయారు. ఐక్యరాజ్య సమితి తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పడానికి 2016 డిసెంబరు దాకా ఆరేళ్ళు పట్టింది. బాధితులు అమెరికా కోర్టుకు వెళ్తే, ఐక్యరాజ్య సమితి మీద కేసు వేయడానికి వీల్లేదన్నారు. స్రెబ్రెనిట్సా విషయంలో 350 మంది చావుకు కొంత బాధ్యత తమ ప్రభుత్వానిదేనని నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అది కూడా పదో వంతు బాధ్యతే, అదీ 24 ఏళ్ళకు.

ఆడపిల్లల మీద జరిగిన వాటి గురించి రాయడానికి చెయ్యి వణుకుతోంది. హైతీలో శ్రీలంక సైనికులు వందమందికి పైగా లైంగిక దోపిడీ ఆరోపణలతో 2007లో వెనక్కి పంపబడ్డారు. నీలి టోపీ పెట్టుకుని తప్పు చేసినవాణ్ణి శిక్షించే అధికారం ఐక్యరాజ్య సమితికి లేదు, పంపిన దేశానికే ఉంది. అక్కడ ఏడ్చిన పిల్లకు, వేల మైళ్ళ అవతల ఏదో సైనిక కోర్టులో ఏం తీర్పు వచ్చిందో కూడా తెలియదు. నేను మన్రోవియాలో గేటు దగ్గర నిలబడి, "అక్కా, నువ్వున్నావు కాబట్టి ఈ దారిన వచ్చాను" అన్న పిల్లల మొహాలు చూశాను. ఆ నమ్మకాన్ని అమ్ముకున్న ప్రతి మగవాడి పేరూ వాళ్ళ దేశం బయటపెట్టాలి. దీనికి నేను ఏ సాకూ ఒప్పుకోను.

ధర సంగతి త్వరగా చెప్పేస్తాను. అన్ని మిషన్లకూ కలిపి 2024-25 ఏడాదికి సుమారు 560 కోట్ల డాలర్లు, మన లెక్కలో 47 వేల కోట్ల రూపాయలు. మన ఒక్క దేశ రక్షణ బడ్జెట్‌లో పదో వంతు కూడా కాదు. ప్రపంచ దేశాలన్నీ కలిసి సైన్యాల మీద పెట్టే ప్రతి వెయ్యి రూపాయల్లో ఇది రెండు రూపాయలు. అదీ కట్టాల్సినవాళ్ళు సమయానికి కట్టరు. 2025 అక్టోబరులో డబ్బు లేక సుమారు నాలుగో వంతు సైనికులను వెనక్కి పంపుతున్నామని ప్రకటించారు. ఎక్కువ డబ్బు కట్టేది అమెరికా, చైనా. ఎక్కువ మనుషులను పంపేది నేపాల్, రువాండా, బంగ్లాదేశ్, ఇండియా లాంటి దేశాలు. డబ్బు ఒకరిది, ప్రాణం ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గోల అనుకునేవాళ్ళకు మా జిల్లా పక్కనే జరిగింది చెబుతాను. 2008 ఆగస్టు తర్వాత కంధమాల్‌లో మత గొడవలైనప్పుడు కొండ మీద నుంచి కుటుంబాలు బస్సుల్లో బరంపురం దిగాయి. నేను అప్పుడు దసరా సెలవుకు వచ్చాను. బస్టాండులో ఒక తల్లి, ముగ్గురు పిల్లలు, ఒకే గోనెసంచి. రైకియా, జి. ఉదయగిరి సహాయ శిబిరాల్లో వేలమంది ఉండేవాళ్ళు. శిబిరం గేటు దగ్గర డ్యూటీ చేసిన నా బ్యాచ్ మేట్ అనేది: "గేటు లోపల ఉన్నన్నాళ్ళు వీళ్ళ మీద చెయ్యి పడదు, అది నేను చూసుకుంటాను. కానీ వీళ్ళ ఊరికి వీళ్ళను నేను తీసుకెళ్ళలేను, ఊరు ఒప్పుకోవాలి కదా." లైబీరియా వెళ్ళాక ఆ మాట నాకు రోజూ గుర్తొచ్చేది. గేటు దగ్గర సంత్రీ లేకపోతే ఆ తల్లి, పిల్లలు ఊరు ఒప్పుకునే రోజు దాకా మిగలరు. సంత్రీ ఉన్నంత మాత్రాన ఊరు ఒప్పుకోదు. ఒప్పించడానికి చేపల బజారు ఆడవాళ్ళలాంటివాళ్ళు కూర్చోవాలి.

మార్కులు అడుగుతారు కాబట్టి వేస్తున్నాను. సేన ఉన్నచోట, తగినంత బలగంతో, వదలకుండా నిలబడినచోట, ఐదుకు నాలుగు. లైబీరియాకు నాలుగున్నర కూడా వేస్తాను, అది నా పక్షపాతం అనుకున్నా సరే. మధ్యలో వదిలేసి వెళ్ళినచోట సున్నా. ఫిర్యాదు వినే విషయంలో ఒకటి, అదీ ఇప్పుడు కనీసం లెక్కలు బయటపెడుతున్నారని. మొత్తం మీద ప్రపంచం దీని వల్ల సురక్షితమైందా అంటే, అవును, అయింది. ఎంత కావాలో అంత కాలేదు. దీన్ని మూసేద్దాం అనేవాళ్ళు కిగాలిలో ఆ రెండు గేట్ల సంగతి ఒకసారి చదివి, ఆ తర్వాత నాతో మాట్లాడండి.

మా మేనకోడలికి, ఇంకా మీ ఇళ్ళలో ఎవరికైనా పేరు పడితే వాళ్ళకు కొన్ని మాటలు. ఢిల్లీలో ట్రైనింగ్ గట్టిగా ఉంటుంది, ఇంగ్లీషు మాట్లాడటం ఇప్పుడే అలవాటు చేసుకోండి. అక్కడి ఇంగ్లీషు వేరే, వారం పాటు ఒక్క ముక్క అర్థం కాదు, కంగారు పడొద్దు. ఆవకాయ సీసాలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకు టేపు వేయండి. మలేరియా మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు. నాతో వచ్చిన ఇద్దరు మానేసి మంచం పట్టారు. ఆ దేశం చరిత్ర వెళ్ళేముందే చదవండి, వెళ్ళాక టైం దొరకదు. రాత్రి గస్తీలో వాన పడుతున్నా సరే, బండి దిగి నడవండి. ఎవరైనా చెయ్యి చాపితే చేతి తొడుగు తీసి కలపండి. చిటిక రాకపోతే వాళ్ళే నేర్పుతారు.